ఇంట్లో మిగిలిన గోల్‌కీపర్

గిడ్డంగుల మండలి ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్ దాలినాయుడు మ్యాచ్ ఉన్న రోజున తనలో మూడోవంతు మాత్రమే మైదానానికి తీసుకెళ్ళేవాడు. మిగతా దాలినాయుడు ఇంట్లోనే, ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో, లుంగీ కట్టుకుని టీవీ చూస్తూ ఉండేవాడు. ఇందులో దాపరికమేమీ లేదు. జట్టులో దాదాపు అందరూ అలాగే చేసేవారు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఈ అలవాటు ఉంది.

వెళ్ళే మనిషీ ఉండే మనిషీ చూడటానికి ఒక్కలాగే ఉంటారు. కాకపోతే ఇద్దరూ కాస్త పలచగా కనిపిస్తారు. దాలినాయుడు గోల్ ముందు నిలబడితే అతని ఆకుపచ్చ జెర్సీలోంచి వెనకాల వల తాళ్ళు స్పష్టంగా కనబడేవి. గట్టిగా తన్నిన బంతి అతని అరచేతులకి తగిలి, ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళిపోయేది. ఆట అయ్యాక ఇంటికొచ్చి, గుమ్మంలో బూట్లు విప్పి, వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. అప్పుడు మళ్ళీ ఒక్కడయ్యేవాడు.

అతని భార్య నూకరత్నం పెళ్ళయిన కొత్తలో కంగారుపడింది. తరవాత అలవాటు పడింది. ఇంట్లో మిగిలినవాడు తక్కువేమీ తినడు. సగం మనిషికి సగం అన్నం సరిపోతుందనుకోవడం ఎన్నడూ వండనివాళ్ళ ఆలోచన. మైదానం నుంచి వచ్చిన జెర్సీకి మాత్రం చెమట వాసన ఉండేది కాదు, మోచేతుల దగ్గర మట్టి ఉండేది కాదు. ఆమె దాన్ని సబ్బు పెట్టకుండానే నీళ్ళలో ముంచి ఆరేసేది. భర్త ఆట గురించి ఆమెకి తెలిసినంత పత్రికలవాళ్ళకి కూడా తెలియదు.

మండలి ఈ అలవాటుకి తగ్గట్టే ఏర్పాట్లు చేసుకుంది. జట్టుకి బస్సు బదులు చిన్న వ్యాను ఇచ్చేవారు. పులిహోర పొట్లాలు మనుషుల్ని బట్టి కాక, వచ్చిన మేరకి తెప్పించేవారు. జట్టు మేనేజరు భానోజీరావు ఆఫీసుకి పావువంతు వచ్చేవాడు. సీట్లో ఉన్నాడో లేడో తెలుసుకోవాలంటే కళ్ళజోడు గాల్లో నిలబడి ఉందా అని చూసుకోవాలి. ఉంటే, ఫైలు పెట్టొచ్చు.

మొత్తంగా వచ్చేవాడు జట్టులో ఒక్కడే. మధ్యలో ఆడే ఎల్లాజీ. అతన్ని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. స్టేడియం గ్యాలరీ కింద వలలూ జెండాలూ పెట్టుకునే గదిలో పడుకునేవాడు. అతను మొత్తంగా రావడాన్ని ఎవరూ గొప్పగా అనుకోలేదు. ఇల్లు లేని మనిషి మిగతాది ఎక్కడ వదిలి వస్తాడు?

ఆ ఏడాది జట్టు వరసగా ఓడిపోయింది. మండలి బోర్డు ఒక తీర్మానం తయారు చేసి పెట్టుకుంది. చివరి మ్యాచ్ కూడా ఓడిపోతే జట్టును రద్దు చేస్తారు. పర్మనెంటు ఉద్యోగులు గిడ్డంగుల్లో బస్తాలు చూసుకునే డ్యూటీకి వెళతారు. కాంట్రాక్టు మనిషి ఎక్కడికి వెళతాడో అందులో రాయలేదు. రాయాల్సిన అవసరం బోర్డుకి లేదు. ఎల్లాజీకి బంతి ఆడటం తప్ప మరో పని రాదు.

అతను డ్రెస్సింగ్ రూములో అప్పటికే చాలాసార్లు చెప్పి చూశాడు.

"దాలన్నా, ఈసారైనా మొత్తం వస్తావేటి?"

"వచ్చేను గదరా. కనబడట్లేదేటి నీకు?"

"నీ ఎనకాల గోడ కనబడతంది."

అందరూ నవ్వారు. ఎడమ పక్కన ఆడే కొండబాబు, సాక్సు లాక్కుంటూ, "ఒరే ఎల్లాజీ, ముందు నువ్వో ఇల్లు చూసుకో, పెళ్ళి చేసుకో. ఏది పట్టుకెళ్ళాలో, ఏది ఇంటికాడ ఉంచాలో అప్పుడు తెలుస్తాది" అన్నాడు. అతని మోకాళ్ళలోంచి నేల మీది గచ్చు పగుళ్ళు కనబడుతున్నాయి.

చివరి మ్యాచ్‌కి ముందు మ్యాచ్ కూడా ఓడిపోయారు. ఆట అయ్యాక ఊరి ఛానల్ కుర్రాడు గేటు దగ్గర మైకు పట్టుకుని నిలబడ్డాడు. మిగిలిన ఆటగాళ్ళని కెమెరా సరిగ్గా పట్టుకోలేకపోయింది. ఎల్లాజీ ఒక్కడే స్పష్టంగా వచ్చాడు.

"మాకు ఆట రాక కాదండీ ఓడిపోయింది" అన్నాడు ఎల్లాజీ. "మావోళ్ళు మొత్తం రాలేదు. పదకొండుమంది పేర్లు రాసేరు గాని, వచ్చింది ఆరుగురి పాటి. దాలన్నా, నువ్వు ఇంటికాడ కూకుని ఇది చూస్తన్నావు, నాకు తెలుసు. కొండబాబూ, నువ్వూను. వచ్చే ఆదివారం ఆఖరి ఆట. నీలో ఉన్నదంతా పట్టుకుని రా. తేలేకపోతే ఆ వచ్చే ముక్క కూడా రావద్దు. నేనొక్కడినే ఆడతాను."

కెమెరా కుర్రాడు కట్ చెప్పడం మరిచిపోయాడు.

అక్కడే నిలబడి ఉన్న ఆటగాళ్ళు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇలాంటివి వాళ్ళు డ్రెస్సింగ్ రూములో విన్నవే. కాని టీవీ చూస్తున్నది వాళ్ళు కాదు. పదిళ్ళలో, పది కుర్చీల్లో కూర్చున్న మిగతా ఆటగాళ్ళు ఆ మాట మొట్టమొదటిసారి విన్నారు. ఎల్లాజీ అన్నాళ్ళూ వచ్చినవాళ్ళకే చెప్పాడు. ఆ పలచటి మనుషులు విన్నది ఇంటిదాకా వచ్చేసరికి మిగిలేది కాదు. రానివాళ్ళకి చెప్పడానికి ఆ ఊళ్ళో టీవీ తప్ప మరో దారి లేదు.

ఇంట్లో ఉన్న దాలినాయుడు రిమోట్ కింద పెట్టేశాడు. "చూసేవా, నూకరత్నం? ఆడు నన్నే అన్నాడు. పేరెట్టి మరీ అన్నాడు."

"నీ పేరు నీది గాక ఇంకెవరిదయ్యా" అంది నూకరత్నం, వంకాయలు తరుగుతూ.

"ఊరంతా చూసుంటారు."

"ఊరంతా నిన్ను చూడక చాన్నాళ్ళయింది. నేనే చూస్తన్నాను."

అతను ఫ్యాను వైపు చూస్తూ అన్నాడు. "నీకు తెలీదే. మూడోవంతు ఎల్లి ఓడిపోతే, ఓడిపోయింది మూడోవంతే. మిగతా నేను ఇక్కడ బాగానే ఉన్నాను గదా. మొత్తం ఎల్లి, మొత్తం ఓడిపోతే? ఇంక నా దగ్గర మిగిలేదేటి?"

నూకరత్నం కత్తిపీట పక్కకి పెట్టి అతన్ని తేరిపార చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో అతను నిజం చెప్పిన కొద్ది సందర్భాల్లో ఇదొకటని ఆమెకి అర్థమైంది.

"దాచుకున్నావు సరే. ఏం చేసేవు దాచుకుని? టీవీ చూసేవు. నీలో మంచి ముక్క ఇదేనని నువ్వనుకుంటన్నావు. నేను రోజూ చూస్తన్నాను గదా, దీనికి పిసరు కూడా పని పడలేదు. కొత్తగా కొన్న గిన్నె అటక మీద పెట్టీసినట్టుంది. నిన్ను తీసి వాడకపోతే, నువ్వు మంచోడివో కాదో నాకెలా తెలుస్తాదయ్యా?"

అంతలో మైదానం నుంచి వచ్చిన దాలినాయుడు గుమ్మంలో బూట్లు విప్పాడు. కుర్చీలో ఉన్నవాడు లేచి నిలబడి అతన్ని పట్టి పట్టి చూశాడు. అలా చూసుకోవడం వాళ్ళకి అదే మొదటిసారి.

మర్నాడు భానోజీరావు ఎల్లాజీని పిలిచి సంజాయిషీ నోటీసు ఇచ్చాడు. తోటి ఉద్యోగుల గైర్హాజరీ గురించి బయట మాట్లాడటం క్రమశిక్షణ ఉల్లంఘన కిందికి వస్తుంది.

"నువ్వు చెప్పింది తప్పని నేననను, బాబూ" అంది కళ్ళజోడు. "కాని అందరూ మొత్తంగా వస్తే వ్యాను పట్టదు. పులిహోర చాలదు. జెర్సీలు పలచటి గుడ్డతో కుట్టించాం, చిరుగుతాయి. ఇవన్నీ నువ్వు ఆలోచించావా?"

"లేదు సార్."

"ఆలోచించాలి. నేను ఆలోచిస్తున్నాను." కళ్ళజోడు కాస్త వంగింది. "ఇంటి దగ్గర ఉన్న నేను కూడా ఆ ఛానలే చూశాను."

ఆదివారం వ్యాను నిజంగానే పట్టలేదు. సగంమంది షేర్ ఆటోల్లో వచ్చారు. దాలినాయుడు దిగుతుంటే ఆటో ఒక పక్కకి ఒరిగింది. అతని ఒళ్ళు అతనికే కొత్తగా ఉంది. కొండబాబు రెండుసార్లు తన కాళ్ళు తనే తొక్కుకున్నాడు. గ్యాలరీలో నూకరత్నం కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. ఇంటికి తాళం వేసి రావడం ఆమెకి అదే మొదలు. లోపల ఎవరూ లేని ఇంటికి తాళం ఎంత తేలిగ్గా పడుతుందో ఆమె గమనించింది.

ఎదుటి జట్టు ఎప్పటిలాగే పలచగా వచ్చింది. దాని కెప్టెన్ గిడ్డంగుల జట్టుని చూసి రిఫరీకి ఫిర్యాదు చేశాడు. మైదానంలో పరిమితికి మించి మనుషులున్నారని అతని వాదన. రిఫరీ తలలు లెక్కపెట్టాడు. పదకొండే ఉన్నాయి. ఎదుటి జట్టు ఒప్పుకోలేదు. నిబంధనల పుస్తకం తిరగేస్తే, ఆటగాడు ఎంతవరకు రావాలో ఎక్కడా రాసి లేదు. ఆట మొదలైంది.

మొదట్లో బాగా ఆడలేదు. మొత్తం మనిషిని మొత్తంగా పరిగెత్తించడం ఎవరికీ గుర్తులేదు. ఎదుటివాళ్ళు తొందరగానే రెండు గోల్స్ కొట్టారు. రెండో గోల్‌కి దాలినాయుడు పక్కకి దూకి నేల మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. రక్తం చూసి అతను ఆశ్చర్యపోయాడు.

"ఏటన్నా, నొప్పెడతందా?" అని ఎల్లాజీ దూరం నుంచి కేకేశాడు.

"పెడతందిరా! చాలా పెడతంది!" అన్నాడు దాలినాయుడు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు.

తరవాత ఆట మారింది. కొండబాబు ఒక గోల్ కొట్టాడు. ఎల్లాజీ ఇంకోటి కొట్టాడు. దాలినాయుడి చేతుల్లో పడ్డ బంతులు చేతుల్లోనే ఉండిపోయాయి. జెర్సీలు భుజాల దగ్గర చిరిగాయి. ఆఖరి నిమిషాల్లో ఎదుటివాళ్ళ బంతి ఒకటి గోల్ స్తంభానికి తగిలి, దాలినాయుడి వేళ్ళ చివర్లు తాకి, లోపలికి వెళ్ళింది. ఓడిపోయారు.

దాలినాయుడు గోల్ ముందు కూలబడి ఏడ్చాడు. మొత్తం మనిషి ఏడిస్తే గ్యాలరీ దాకా వినిపిస్తుందని ఆ ఊళ్ళో చాలామందికి తెలియదు. నూకరత్నం కంచె దాటి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"మొత్తం పోయిందే" అన్నాడు.

ఆమె అతని భుజం నొక్కి చూసింది. గట్టిగా ఉంది. వెనక ఏమీ కనబడటం లేదు. "ఎక్కడికీ పోలేదు. మొత్తం ఇక్కడే ఉంది. లే."

ఆ రాత్రి జెర్సీకి బట్టల సబ్బు సగం అరిగిపోయింది.

ఎదుటి జట్టు గెలిచినా ఫిర్యాదు మానలేదు. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని పట్టుబట్టింది. దానితో క్రీడల సంఘం ఒక సర్క్యులర్ పంపింది. ఇకమీదట ఎవరి హాజరునైనా తలలతో కాక బరువుతో లెక్కించాలి, తేడా వస్తే చర్య తీసుకోవాలి. వచ్చిన ప్రతి సర్క్యులర్‌నూ చదవకుండా అమలు చేయడం మండలిలో ఆనవాయితీ. ఇదీ అలాగే అమల్లోకి వచ్చింది.

ఆ వారంలోనే జట్టు రద్దు తీర్మానం కోసం బోర్డు సమావేశం పెట్టారు. ఎల్లాజీ తన సంచీ సర్దుకుని మీటింగు హాలు బయట, వరండా చివర బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రోజు భానోజీరావు సగానికి పైగా వచ్చాడు. మీసం కూడా కనబడుతోంది. సభ్యుల్ని లోపలికి పంపే ముందు అతను చేతులు కట్టుకుని చెప్పాడు.

"సార్, కొత్త నిబంధన ప్రకారం హాజరు తూచాలి. సభ్యుల్లో సగంమందయినా ఉంటేనే తీర్మానం చెల్లుతుంది."

గిడ్డంగుల మండలికి కాటాల కొరత లేదు. బస్తాలు తూచే కాటా ఒకటి వరండాలోకి తెప్పించారు. ఏడుగురు సభ్యులూ దాని మీద కలిసి నిలబడ్డారు. అందరూ కలిసి ఇద్దరికి కాస్త తక్కువ తూగారు.

అధ్యక్షుడికి కోపం రాలేదు. కోపం తెచ్చుకునేంత రాలేదు ఆయన. "దానికేముంది? ఇళ్ళకి ఫోన్ చేసి మిగతా మమ్మల్ని పంపించమను" అన్నాడు.

భానోజీరావు ముందు అధ్యక్షుడి ఇంటికే చేశాడు. ఆయన భార్య ఎత్తింది. అందరికీ వినబడేలా ఫోన్ బల్ల మీద పెట్టారు.

"మేడమ్, సార్‌లో మిగతా భాగాన్ని కారెక్కించి పంపిస్తారా? అర్జెంటు మీటింగు."



"ఇక్కడెక్కడున్నారండీ?" అందామె. "ఇంటికి వచ్చేది కూడా పావువంతే. మిగతా మనిషి ఆఫీసులోనే ఉండిపోతున్నారనుకుంటున్నాం. ఎంత పనో పాపం అని పిల్లలకి కూడా అలాగే చెప్పాను."

రెండో సభ్యుడి ఇంటి నుంచీ ఇదే జవాబు వచ్చింది. మూడో ఇంట్లో సభ్యుడి తల్లి ఎత్తి, "మీ దగ్గర లేడా నాయనా?" అని ఎదురు అడిగింది. ఆ పైన ఎవరూ ఫోన్ చేయమనలేదు. అధ్యక్షుడు తన చేతిని వెలుతురుకి ఎత్తి, అందులోంచి కిటికీని చాలాసేపు చూశాడు.

"మినిట్స్‌లో ఏమని రాయమంటారు సార్?" అని భానోజీరావు మెల్లగా అడిగాడు.

"మిగతా సభ్యుల ఆచూకీ తెలియలేదని రాయి. తెలిసేవరకు సభ వాయిదా." ఆయన చెయ్యి దించాడు. "ఆ కుర్రాడు టీవీలో ఏదో అన్నాడట కదా. ఇంకోసారి వేస్తారేమో కనుక్కో."

సభ్యులు ఒకరి వెనక ఒకరు కాటా దిగి, కార్లు ఎక్కారు. డ్రైవర్లు వెనక సీటు వైపు తిరిగి, ఎక్కారో లేదో అడిగి తెలుసుకుని, బండ్లు తీశారు. ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు.

ఏమైందని ఎల్లాజీ బెంచీ మీంచి లేచాడు. తీర్మానం జరగలేదని, జరిగేదాకా జట్టు ఉన్నట్టేనని భానోజీరావు చెప్పాడు. అది ఎప్పటికి జరుగుతుందో చెప్పలేనన్నాడు. ఎల్లాజీ సంచీ భుజాన వేసుకుని మైదానానికి నడిచాడు. తను వెళ్ళి అందరినీ పిలవాలనుకున్నాడు. మిగతా పదిమందీ అప్పటికే అక్కడున్నారు, ఎండలో, నేల మీద నల్లగా చిక్కటి నీడలు పడేటట్టు.