నరసింహం చుట్టాలు

అది 1976 ఆగస్టు తొమ్మిది, సోమవారం. ఆ పొద్దున దానమ్మ చద్దన్నంలోకి వేయించిన ఎండు మెత్తళ్ళ చేపలు నంజుకుంది. ఇవాళ ఏమైనా సరే మేస్త్రీ కూలి అడిగేయాలని చెయ్యి కడుక్కుంటూనే అనుకుంది.

తెనాలిలో కడుతున్న ఒక మేడలో లోపలి గోడల సిమెంటు పూత ఆమెదే. ఎవరైనా వస్తే మాత్రం కాంట్రాక్టరు నరసింహం ఆమె చేతిలోని తాపీ లాక్కుని, తట్ట అందించేవాడు. ఆడమనిషి తాపీ పట్టిన ఇల్లు అచ్చిరాదట! కూలి కూడా తట్ట మోసినందుకే ఇచ్చేవాడు.

"ఒకే పనికి ఆడామగా అందరికీ ఒకే కూలని చట్టమొచ్చిందంట బాబూ. రేడియోలో చెప్పారు," అంది దానమ్మ పూత పూస్తూనే.

"అయితే ఆ రేడియోనే అడుగు, ఇస్తుంది."

అంతలో గొడుగు, కళ్ళజోడు, తోలుసంచితో ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. తాపీ లాక్కునే వ్యవధి లేకపోయింది. లేబరు ఇన్‌స్పెక్టరే వచ్చాడనుకుని నరసింహం హడలిపోయాడు.

"ఈవిడకి కూలేమిస్తున్నారండి?"

"కూలేంటండి! మా అత్తయ్య. ఊరికే కూర్చోలేక..."

"ఆ పరంజా మీదాయన?"

"యలమంద బాబాయండి. అందరూ చుట్టాలేనండి. అభిమానం కొద్దీ వచ్చారు, పైసా ముట్టరు."

దానమ్మకు ఒళ్ళు మండింది. రెక్కలు ముక్కలు చేసుకుంటుంటే, చుట్టరికం అంటగట్టి కూలే లేదంటాడా?

"అల్లుడూ!" అంది గట్టిగా. "అత్తని నిలబెట్టి మాట్లాడతావేంటి? కుర్చీ వెయ్యి. కాఫీ తెప్పించు."

నరసింహం కుర్చీ వేశాడు.

"నాక్కూడా అబ్బాయ్, పంచదార ఎక్కువ," అంటూ బాబాయి పరంజా దిగాడు. ఆ వెనకే చుట్టాలందరూ దిగారు. కలిపిన సిమెంటు ఎండకు గట్టిపడుతుంటే నరసింహం గ్లాసులు అందిస్తూ తిరిగాడు. యలమంద ఒక్కడే తన గ్లాసు పక్కన పెట్టి, దానమ్మ నిన్న పూసిన గోడ బీటలివ్వకుండా నీళ్ళు చల్లి వచ్చాడు.

పెద్దమనిషి కాఫీ తాగి, సంతోషంగా లేచాడు.

"ఈ ఇల్లు మా అక్కయ్య వెంకటరత్నమ్మదేనండి. కూలీల బిల్లు చూసి రమ్మని కొల్లిపర నుంచి నన్ను పంపింది. కూలే లేదన్నారుగా, కొట్టేస్తాను."

"అయ్యయ్యో! కూలీలేనండి! ఒక్కరూ చుట్టం కాదండి!"

"మరి ఈవిడ? పూత పూస్తుంటే కళ్ళారా చూశాను. మేస్త్రీయేనా?"

"మేస్త్రీయేనండి."

"అయితే మేస్త్రీ కూలే రాస్తాను. సాయంత్రం నా ఎదురుగానే ఇవ్వండి."

చీకటి పడుతుండగా, కూలి కొంగున ముడేసుకుని దానమ్మ ఆ మేడ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. లోపల నరసింహం రాయిలా బిగిసిన సిమెంటును సుత్తితో కొడుతున్నాడు. సాయం పట్టడానికి చుట్టమన్నవాడు ఒక్కడూ మిగల్లేదు.