మూల లేని క్యాంపు

ఒమన్ దేశపు సోహార్‌లో మా కంపెనీ తన కూలీల కోసం గుండ్రటి క్యాంపు కట్టించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మిగతా కంపెనీలవి రేకుల షెడ్లు. మాది చరిత్ర గల భవనం. చరిత్ర మాత్రం వియన్నాలో జరిగింది.

అక్కడ రెండు వందల ఏళ్ళ కిందట ఒక చక్రవర్తి పిచ్చివాళ్ళ కోసం అయిదంతస్తుల గుండ్రటి భవనం కట్టించాడు. చుట్టూ గదులు, గదికో సన్నటి కిటికీ. ఊరి జనం దానికి తాము తినే గుండ్రటి కేకు పేరు పెట్టుకుని మురిసిపోయారు. ఎనభై ఏళ్ళు వాడాక, ఇది పిచ్చివాళ్ళకు కూడా తగదని మూసేశారు. 1989లో విహారయాత్రకు వెళ్ళిన మా మేనేజరు శేషాచలపతి గారు దాని ఫొటో తెచ్చి, కూలీలకు భేషుగ్గా సరిపోతుందని కనిపెట్టారు. ఔరా, చూపంటే అదీ!

"యూరప్ వాళ్ళు రోగులకిచ్చిన సౌకర్యాన్ని మేం ఆరోగ్యవంతులకే ఇస్తున్నాం. మధ్యలో ఒక్క వాచ్‌మన్ నిలబడితే చాలు, మీ అందరి క్షేమం కనిపిస్తుంది" అని ప్రారంభోత్సవంలో ఆయన సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన గణపతికి మూడేళ్ళుగా సెలవు దొరకలేదు. అతను విమానమెక్కాక పుట్టిన కూతురు అతని ఫొటోకి దండం పెట్టడం నేర్చుకుందని కబురొచ్చింది. ఆ రోజు గణపతి అన్నం ముట్టలేదు. పిల్లను ఒక్కసారి ఎత్తుకోవాలి, అంతే అతని కోరిక. పాస్‌పోర్టేమో మేనేజరు గారి బీరువాలో భద్రంగా ఉంది.

క్యాంపులో పెద్దమనిషి అంజి మేస్త్రీ భవనం చుట్టూ తిరిగి రోగం కనిపెట్టాడు.

"దీనికి ఈశాన్యం మూలేదిరా? మూల లేని ఇంట్ల ఉన్నోనికి సెలవెట్లొస్తది?"

"అరే అంజన్నా, మూలెందుకు? సీదా పోయి ఛుట్టీ అడుగుండ్రి" అన్నాడు పక్క రూమ్ వజీర్.

"నీకు వాస్తు తెల్వదు భాయ్, నువ్వూకో."

సెలవుల కోసం ఏనాడూ గొంతెత్తని మనవాళ్ళు మూల కోసం డ్యూటీ మానేశారు. మేనేజరు గారు కళ్ళు తుడుచుకున్నారు. "ఇన్నాళ్ళూ చెప్పరేమయ్యా! మా గుంటూరు ఇంటికి మూడుసార్లు గేటు మార్పించానే!" అన్నారు. వెంటనే సిమెంటు ఇప్పించారు. శుక్రవారం సెలవు రోజున, కూలి తీసుకోకుండా, మనవాళ్ళే ఈశాన్యాన గోడ పెంచి మూల తేల్చారు. అందరికన్నా ఎక్కువ ఇటుకలు మోసింది గణపతే.

కొబ్బరికాయ కొట్టాక మేనేజరు గారు అడిగారు. "ఇంకేమైనా లోటుంటే చెప్పండి నాయనా, మొహమాటం వద్దు."

గణపతి ముందుకొచ్చాడు. "సారూ, నా బిడ్డ..."

అంజి అతని చెయ్యి గుంజాడు. "మూల ఇప్పుడే గదరా నిలవడ్డది! జర దాన్ని పని చెయ్యనియ్యి." తర్వాత మేనేజరు వైపు తిరిగి, "ఏం లోటు లేదు సారూ, మంచిగున్నం" అని అందరి తరఫునా మనవి చేశాడు.

రెండేళ్ళయింది. మూల చెక్కుచెదరలేదు. గణపతీ కదల్లేదు.

నవ్వకండి. పోయినేడు మీ అబ్బాయి పరీక్ష తప్పినప్పుడు మీరు మార్పించింది వాడి బడినా, మీ ఇంటి గుమ్మాన్నా?