రెండు వేళ్ల సరస్సు

మా పట్టణంలో మార్కెట్ వీధి కింద ఒక ప్రాచీన సరస్సు నిద్రిస్తున్నదన్నది అందరికీ తెలిసిన సత్యం. వీధి చివరి దర్జీకి మోకాళ్లు పట్టేయడానికి ఆ చెమ్మే కారణమని వైద్యుడు సైతం నిర్ధారించాడు. దర్జీ వయసు డెబ్బైరెండేళ్లు కావడమే కారణమని అంతకుముందు చెప్పినదీ ఆ వైద్యుడే. విజ్ఞానం ముందుకే నడుస్తుంది.

దీనికి ఆధారం పురపాలక అధ్యక్షులవారి కుర్చీ వెనుక వేలాడే పందొమ్మిదో శతాబ్దపు పటం. మూలల్లో బుగ్గలు పూరించి గాలి ఊదే పసివాళ్లు, తెరచాప ఓడలు (సముద్రం మాకు రెండు రోజుల ప్రయాణం), నల్లని సన్నగీతల్లో వీధులు, వాటి నడుమ నిండు నీలంలో సరస్సు. మూడేళ్ల క్రితం గోడ మీది పెచ్చులు కనబడకుండా ఉండేందుకు దాన్ని పాతసామాన్ల దుకాణంలో కొన్నారు. ఒక చరిత్రోపన్యాసకుడు టీ తాగుతూ తల ఎత్తి చూసిననాటి నుంచి అది అలంకారం కాదు, దస్తావేజు. వెంటనే చట్రం వెనుక లక్కముద్రలు వేశారు. విప్పినవారు శిక్షార్హులు.

సరస్సును పూర్వస్థానంలో పునరుద్ధరించుటకై పదకొండు కట్టడాలను తొలగించాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అందులో మొదటిది పటాలకు చట్రాలు కట్టే మేస్త్రిది. ముందు దుకాణం, వెనుక కాపురం.

నోటీసు చదివి మేస్త్రి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"ఆ చెరువు నేనే వేశానే," అన్నాడు భార్యతో. "పటం చట్రం కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు అక్కడ పురుగు తిన్న చిల్లు. వెనకనించి కాగితం అతికించి, బోసిగా ఉందని నీలం పూశాను."

"నీలమే దొరికిందా నీకు? ఇంత ఆకుపచ్చ పూసుంటే పార్కన్నా అయ్యేది, దాని గోడవారన పడుండేవాళ్లం!" అంది ఆమె. "లే, వెళ్లి చెప్పు. నోరు లేదా?"

అభ్యంతరాల విచారణలో మేస్త్రి చెప్పాడు. ఉపన్యాసకుడు కళ్లజోడు సవరించుకున్నాడు.

"పందొమ్మిదో శతాబ్దంలో మీరున్నారా?"

"లేనండీ."

"పటం ఉంది."

సభ చప్పట్లు కొట్టింది.

"ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి సార్, అర నిమిషం పని," అని మేస్త్రి చేతులు జోడించాడు.

"మన చరిత్రకు వెన్ను చూపమంటారా?" అని అధ్యక్షులవారు గద్గద స్వరంతో ప్రశ్నించారు. 'సాక్షి సంఘటనా కాలమున తాను లేనట్లు అంగీకరించెను' అని గుమాస్తా రాసుకున్నాడు.

పదకొండు కట్టడాలూ తొలగిపోయాయి. ముప్పై అడుగులు తవ్వారు. పొడిమట్టి వచ్చింది. ఆక్రమణల బరువుకు సరస్సు మరింత లోతుకు కుంగిందని నిపుణుల సంఘం నివేదించగా, లోతు పెరిగినందుకు పట్టణం గర్వించింది. వీధిలో పోయేవారు గోతి అంచున చెవి ఒగ్గి అలల చప్పుడు వింటున్నారు. వినబడనివారు కూడా తల ఊపుతున్నారు.

మేస్త్రి పట్ల సంఘం ఉదారంగానే వ్యవహరించింది. ఊరి బయట రేకుల షెడ్డులో ఉంటున్న అతనికే, పటానికి బంగారుపూత చట్రం కట్టే గౌరవం దక్కింది. లిఖితపూర్వక అనుమతితో లక్కముద్రలు విప్పి, అతను పటాన్ని బల్లమీద బోర్లించాడు. కాపలాగా వచ్చిన బంట్రోతూ, మేస్త్రి భార్యా వంగి చూశారు.

బంట్రోతు చాలాసేపు చూశాడు. తలుపు వైపు కూడా చూశాడు.

"మూసెయ్ బాబాయ్," అన్నాడు మెల్లగా. "రేపు ఆవిష్కరణ. ఆ గోతిపక్కనే మా బావమరిది కూడా స్థలం కొన్నాడు."

"మా ఇల్లు?" అంది ఆమె.

బంట్రోతు లక్క కరిగించడానికి కొవ్వొత్తి వెలిగించాడు. మర్నాడు పటాన్ని చూడడానికి ఊరంతా బారులు తీరింది. వారిలో మనమూ ఉన్నాం.

సరస్సు పొడవు రెండు వేళ్లు, వెడల్పు ఒక వేలు. అతికించినది మూడేళ్ల క్రితపు గోడ క్యాలెండరు ముక్క. దాని వెనుక, ఎర్ర అంకెల్లో, రెండు ఆదివారాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి.