డేగకన్ను, మూగబోయిన మోడెం

“ప్రపంచంలో నేరాలు రెండే రకాలు. నేను పట్టుకున్నవి, నా దాకా రానివి,” అని ప్రకటించి డేగకన్ను మెడకు మఫ్లరు చుట్టుకున్నాడు.

బయట ఎండ మాడు పగలగొడుతోంది. అయినా మఫ్లరు తియ్యరా అని అక్క అనలేదు. అన్నా వినడని ఆమెకు ముప్పై ఏళ్ల అనుభవం. డేగకన్ను అన్న బిరుదు తమ్ముడు తనకు తానే ఇచ్చుకున్నాడు. ఇచ్చుకున్న రోజు నుంచీ కళ్లజోడు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటూనే ఉన్నాడు.

అక్క బాధ వేరు. ఇంట్లో కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దడం ఆమె పని. సొంతంగా ఒప్పుకున్న మొదటి పుస్తకం పసిపిల్లల మందుల గురించి. అందులో జ్వరం మందు ‘ఒక చెంచా’ ఉండాల్సిన చోట ‘పది చెంచాలు’ అని పడింది. ఆమె దిద్దింది. ఆ ఫైలు సాయంత్రం ఐదులోగా ప్రెస్సుకి చేరాలి. ప్రెస్సేమో రైల్లో ఆరుగంటల దూరం. ఫోన్లో చెబుదామంటే ప్రెస్సాయన, “పేజీ మళ్లీ కట్టడానికి నా దగ్గర మనిషి లేడమ్మా. ఐదింటికి ఫైలు వస్తే సరే, లేకపోతే ఉన్నవే మిషనెక్కిస్తా,” అని పెట్టేశాడు. ఫైలు పంపాల్సిన లినక్స్ కంప్యూటర్ నిన్నటి నుంచీ ఇంటర్నెట్‌కి కలవనని మొరాయిస్తోంది.

తనకు తెలిసిందంతా ఆమె చేసింది. ఫోనెత్తితే డయల్ టోన్ ఉంది. తీగ పీకి మళ్లీ గుచ్చింది. మోడెం ఆపి వేసింది. నల్లటి తెర మీద, జరిగిందంతా రాసి ఉండే లాగ్ ఫైలు తెరిచి వరసగా చదివింది. ప్రతిసారీ చివర ఒకటే ముక్క, ‘నో క్యారియర్’.

“అంటే అవతలి మోడెం పలకట్లేదు,” అంది అక్క.

“అంటే మోసుకెళ్లేవాడు లేడు.” డేగకన్ను గొంతు తగ్గించాడు. “నీ ఫైలు మోసే మనిషిని దారిలో మాయం చేశారు. ఇది అంతర్జాతీయ ముఠా పని.”

“మనిషి కాదురా, సిగ్నల్.”

“మొదట్లో అందరూ అలాగే అంటారు.”

వీధిలో లైన్‌మన్ ఒకడు నిచ్చెనెక్కి టెలిఫోన్ తీగలు సవరిస్తున్నాడు. కిటికీలోంచి అతన్ని చూడగానే డేగకన్ను రివ్వున బయటికి దూకాడు. గుమ్మం తగిలి బోర్లాపడి, అది కూడా పథకంలో భాగమే అన్నట్టు లేచాడు. అక్క గడియారం చూసుకుంటూ వెనకాలే వెళ్లింది. మూడూ నలభై.

“నిన్న మూడింటికి ఎక్కడున్నావ్?”

“స్తంభం మీద.”

“మొన్న?”

“స్తంభం మీదే. వేరే స్తంభం.”

“సాక్షులెవరు?”

“కాకులు. పిలవమంటారా?”

“అక్కా, వీడు ఆరితేరినవాడు,” అన్నాడు డేగకన్ను.

లైన్‌మన్ అతన్ని వదిలేసి అక్కతో చెప్పాడు. “మీ లైను శుభ్రంగా ఉందమ్మా. ఇందాకే చూశాను. తేడా ఏదైనా ఉంటే ఇంట్లోనే ఉంటుంది.”

డేగకన్ను మొహం వెలిగిపోయింది. “ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన సంగతి నాకు తెలీదు, నేను పడతాను. ఇంట్లో ఉన్నది మనిద్దరం. నేను కాదు. కాబట్టి...”

“కాబట్టి ఇంకొక్క మాటంటే వీపు విమానం మోత మోగుతుంది,” అంది అక్క. ఆమెకి నిజంగానే ఏడుపొస్తోంది. ఏ తల్లో ఆ పుస్తకం నమ్మి పది చెంచాలు పోస్తే ఎలాగన్న ఆలోచన నిన్నటి నుంచీ ఆమెకి ముద్ద మింగుడు పడనివ్వడం లేదు.

లోపలికొచ్చాక డేగకన్ను వేలిముద్రల కోసం మోడెం మీద మొహానికి రాసుకునే పౌడరు డబ్బా సగం గుమ్మరించాడు. అక్క పళ్లు బిగించి ఆ రోజుకి పదిహేడోసారి డయల్ చేసింది. సరిగ్గా అప్పుడే పౌడరు ముక్కులోకి పోయి డేగకన్ను ఇల్లు అదిరేలా తుమ్మాడు. మోచెయ్యి మోడెం వెనక శబ్దం పెంచే చక్రానికి తగిలి అది గిర్రున తిరిగింది.

పెట్టెలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

“మళ్లీ నువ్వేనా నాయనా? నిన్నటి నుంచీ ముప్పైసార్లు చేశావు. ఆ ఈల ఆపి నోటితో చెప్పు. మాట రాదా? ఏమైనా కష్టంలో ఉన్నావా? ఉంటే ఒకసారి దగ్గు.”

డేగకన్ను కుర్చీ ఎక్కేశాడు. “అక్కా, పెట్టెలో ఆడమనిషిని బంధించారు.”

అక్క అదే లైను మీదున్న ఫోను చటుక్కున ఎత్తింది. “అమ్మా, క్షమించండి. మీ నంబరెంత?”

పెద్దావిడ ఒక్కో అంకె నిదానంగా చెప్పింది. ఇంటర్నెట్ కంపెనీ కాగితం మీద చివర నలభై ఏడు. ఈమెది డెబ్భై నాలుగు. మిగతావన్నీ అవే. పెద్దావిడకి దణ్ణాలు పెట్టి, సంగతి చెప్పి, అక్క కంప్యూటర్లో డయల్ చేసే నంబరున్న ఫైలు చూసింది. అక్కడా డెబ్భై నాలుగే. నిన్న మధ్యాహ్నం ఎవరో మార్చారని తారీఖుతో సహా ఉంది.

“నేనే,” అన్నాడు డేగకన్ను గర్వంగా. “భద్రత కోసం పాత ఫైలు చెరిపేసి, నంబరు జ్ఞాపకం మీద కొట్టాను. శత్రువులు వింటారని మోడెం గొంతు కూడా నొక్కేశాను.”

తిట్టడానికి టైము లేదు. నాలుగూ నలభై. ఆమె రెండంకెలు దిద్ది డయల్ చేసింది. మోడెం కీచుమంది, గరగరలాడింది, కలిసింది. ఫైలు నత్తనడక నడిచి ఐదుకి మూడు నిమిషాలుండగా చేరింది. లైను వదలగానే ప్రెస్సాయన ఫోను.

“వచ్చిందమ్మా. ‘ఒక చెంచా’. అంతేగా?”

“అంతేనండీ,” అని అక్క కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. రెండ్రోజుల తర్వాత ఆమెకి ఆకలేసింది.

“నేరస్థుణ్ణి ఎలా పట్టుకున్నానో చూశావా?” అన్నాడు డేగకన్ను.

“చూశాను. ముందు ఆ పెద్దావిడకి నువ్వే ఫోన్ చేసి తప్పయిందని చెప్పు. నంబరు రాసివ్వనా?”

“నాకు కాగితమా?” అని నవ్వి, అంకెలు టకటకా నొక్కాడు. అవతల ఎత్తారు. అతని మొహం పాలిపోయింది.

“తప్పయిపోయిందండీ... ఇంకెప్పుడూ చెయ్యనండీ...” ఫోను చేత్తో మూసి అక్క వైపు తిరిగాడు. “కోపం మామూలుగా లేదక్కా. ఒకటే అరుపు. మధ్యలో ఊపిరి కూడా తీసుకోవట్లేదు.”

అక్క వంగి చెవి పెట్టింది. ఇంటర్నెట్ కంపెనీ మోడెం గుక్కతిప్పుకోకుండా కూస్తోంది.

“పెద్దవాళ్లు తిడుతుంటే మధ్యలో పెట్టెయ్యకూడదురా. అయ్యేదాకా విను,” అని చెప్పి ఆమె అన్నం వడ్డించుకోడానికి వంటింట్లోకి వెళ్లింది.