పశువు మేయని గడ్డి

పొద్దున్నే కాఫీ తాగుతూ దొరబాబు ఈ పథకం వేసినప్పుడు అందులో ఉన్నది నలుగురే. అన్నయ్య ఆంజనేయప్రసాద్, వదిన సావిత్రి, తను, తన భార్య కళ్యాణి. అన్నయ్యకు అరవై నిండుతున్నాయి. శుక్రవారం ఇంట్లో షష్టిపూర్తి పూజ, శనివారం నలుగురూ కారులో విశాఖపట్నం వెళ్ళి గోల్ఫ్ ఆడి రావడం. అంతే.

రాజోలు పక్క పల్లెలో గోల్ఫ్ అంటే ఎవరికైనా వింతే, ఈ ఇంట్లో తప్ప. దొరబాబు ఇరవై రెండేళ్ళుగా మస్కట్‌లో గోల్ఫ్ మైదానంలో గడ్డి కత్తిరిస్తున్నాడు. అతన్ని పెంచిందీ, విమానం ఎక్కించిందీ అన్నయ్యే. ఫోను చేసినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే. "అంత గడ్డి పెంచి ఒక్క పశువును కూడా మేపరంట్రా? మరెందుకురా?" దొరబాబు ఎంత చెప్పినా వరి, కొబ్బరి, రెండు గేదెలు తప్ప వేరే ఎరగని ఆయనకు ఆ సంగతి బుర్రకెక్కలేదు. అందుకే ఆ గడ్డి మీద అన్నయ్యను చెయ్యి పట్టుకుని నడిపించాలి, ఆయన చేత ఒక్క బంతైనా కొట్టించాలి అని దొరబాబు కోరిక. అతనికి సెలవు రెండేళ్ళకోసారి. సోమవారం మళ్ళీ విమానం.

మస్కట్‌లో తనతో పనిచేసిన మాణిక్యం ఇప్పుడు విశాఖలో ఒక మైదానంలో గడ్డి చూసుకుంటున్నాడు. నలుగురు ఆడడానికి అనుమతి ఇప్పించాడు. పంచెతో రానివ్వరు, కాలరున్న చొక్కా, బూట్లు ఉండాలన్నాడు. దొరబాబు అన్నయ్యకు ఎర్ర చొక్కా, ప్యాంటు, తెల్ల టోపీ, బూట్లు కొనుక్కొచ్చాడు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ సాయంత్రం సావిత్రి కొత్తపేటలో ఉన్న చెల్లెలు రేవతికి ఫోను చేసి సంగతి చెప్పింది. చెప్పాక "మీరూ రావాలి" అనకుండా ఫోను పెట్టెయ్యడం కోనసీమలో పుట్టిన మనిషి వల్ల అయ్యే పని కాదు. రేవతీ కోనసీమ మనిషే కనక రానని అనలేకపోయింది.

"అక్కగారి చెల్లెలు వస్తుంటే మా అన్నయ్య ఏం పాపం చేసేడండీ?" అంది కళ్యాణి.

దొరబాబు బావమరిదికీ ఫోను చేశాడు. కారు కాస్తా వ్యాను అయింది. వ్యాను వెళ్తోందని అన్నయ్య వియ్యాలవారికి తెలిసింది. తెలిశాక పిలవకపోతే బాగోదని సావిత్రి కుంకుమ భరిణె పట్టుకెళ్ళి బొట్టుపెట్టి మరీ పిలిచొచ్చింది. వ్యాను చాలక నలభై సీట్ల బస్సు మాట్లాడారు. అందులో పాతికమందే వెళ్తే వెలితిగా ఉంటుందని ఇంకో పదిహేనుమందిని పిలిచారు. బస్సు కుదిర్చిన కొండబాబు తనవంతుగా ముందు అద్దం కింద ఫ్లెక్సీ కట్టించాడు. పైన అన్నయ్య ఫొటో, కింద "షష్టిపూర్తి గోల్ఫ్ యాత్ర".

"ఆడేది నలుగురే కదండీ వదినగారూ, మిగతావాళ్ళు ఏం చేస్తారు?" అన్నాడు దొరబాబు.

"చూస్తారు. పెళ్ళికొచ్చిన వాళ్ళందరూ తాళి కడతారేంటి?"

శనివారం తెల్లవారుజామున బూరెలు, పులిహోర బస్సెక్కాయి. దొరబాబు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ఆలమూరు నుంచి ఆటోలో అన్నదమ్ముల మేనమామ గణపతిగారు దిగారు. ఆయన్ని కళ్యాణి పిలిచిందని సావిత్రి, సావిత్రి పిలిచిందని కళ్యాణి అనుకున్నారు.

"నన్నెవరూ పిలవలేదు లెండి. అయినా దీవించి పోదామని వచ్చేను. మీరు వెళ్ళిరండి, ఆయ్. నేనిక్కడ అరుగు మీద కూర్చుంటాను" అన్నారాయన.

బస్సు వెనకాల ఐదు నిమిషాలు గొడవైంది. నిలబడి ప్రయాణం కుదరదని డ్రైవరు మొండికేశాడు. చివరికి "మావయ్యగారికి సీటు దొరికింది, పోనివ్వండి" అని కేక వినిపించింది. గండం గడిచిందనుకున్న దొరబాబు ఎవరి సీటని అడగలేదు. టిఫిను పొట్లాలు కూర్చున్న చోటికే అందించారు గనక దారిలో ఎవరూ దిగలేదు.

మైదానం ముందు బస్సు ఆగింది. ఎర్ర చొక్కా, తెల్ల టోపీ మెట్లు దిగుతుంటే దొరబాబు పరుగున వెళ్ళి చెయ్యందుకున్నాడు.

"రా అన్నయ్యా!"

టోపీ పైకెత్తితే గణపతి మావయ్యగారు.

"అన్నయ్యేడండీ?"

"వాడి సీటే కదరా నాకిచ్చింది! పంచెతో రానివ్వరని ఈ బట్టలూ విప్పిచ్చేడు. వెనకాల వస్తానన్నాడే?"

"మీ పక్కన కూర్చున్నారనుకున్నాను" అంది సావిత్రి దొరబాబుతో. వెనక మగాళ్ళతో ఉన్నాడని దొరబాబు దారంతా అనుకున్నాడు. ఫ్లెక్సీ మీద అన్నయ్య మాత్రం నవ్వుతూనే ఉన్నాడు.

ఫోను చేస్తే అన్నయ్య గొంతు మామూలుగానే ఉంది. "ఇంటికొచ్చిన పెద్దాయన్ని అరుగు మీద వదిలేసి ఎలా వస్తానురా? ఆయనకి మర్యాద తక్కువ చెయ్యకు."

మావయ్యగారు బలంగా కర్ర ఊపారు. బంతి కదల్లేదు, అరచెయ్యంత మట్టిపెళ్ళ లేచింది. మాణిక్యం కళ్ళు మూసుకున్నాడు. కంచె అవతల నుంచి మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. దొరబాబుకు ఏడుపొచ్చింది. ఇంత బస్సు నింపాను, ఒక్క సీటు కాపాడలేకపోయాను అనుకున్నాడు.

సాయంత్రం పొద్దుగూకే వేళకు ఇల్లు చేరి, అతను నేరుగా గేదెల పాకలోకి వెళ్ళాడు. మాణిక్యం ఇచ్చిన గుప్పెడు కత్తిరింపు గడ్డిని జేబులోంచి తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు.

"ఇదేనా?" ఆయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. "ఎంత మెత్తగా ఉందిరా! పొద్దున ఆ చొక్కా వేసుకుని అద్దంలో చూసుకున్నాను. బానే ఉన్నానురా."

అన్నయ్య అరచెయ్యి గేదె ముందు పెట్టాడు. గేదె ఒక్కసారిగా మొత్తం నాకేసింది.

"తింటాదిరా! ఇన్నేళ్ళూ తినదేమో అనుకున్నాను."

"వచ్చే సెలవుకు మనిద్దరమే వెళ్దాం అన్నయ్యా. ఎవరికీ చెప్పొద్దు."

"చెప్పకుండానా? తప్పు కదరా! మావయ్యగారేమనుకుంటారు?"

గేదె మాత్రం ఇంకా ఉందా అన్నట్టు దొరబాబు జేబు కేసి చూసింది.