నాంచారి ఆరో నెల

గర్భిణులు పెరగవలసిన బరువు ఇంట్లో ముందు తిన్నవాళ్ళకు పెరిగే ఆ పేటలో, ఒక ఉదయం అంకబాబు చొక్కా గుండీ ఊడి పప్పుగిన్నెలో పడింది.

"ఉతికి ఉతికి చొక్కా బిగదీశావు వదినా," అన్నాడతను.

"చొక్కాకేం కాలా. నా ఆరో నెల నీకొచ్చింది," అంది నాంచారి గుండీ కడుగుతూ.

"నా ఒక్కడికేనా? మొన్న కాటా ఎక్కితే అన్న నాకంటే ముప్పావు కిలో ఎక్కువ పెరిగాడు."

"మీ అన్న నీకంటే ముందు కూర్చుంటాడు మరి."

గొడవ అంతటితో ఆగింది. ఇద్దరూ చెప్పింది నిజమే.

గుంటూరులో ఆ పేట ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేవాళ్ళు. అంగన్‌వాడీలో అన్నం పెట్టే వేళకు పనిలో ఉండేవాళ్ళు కాబట్టి వాళ్ళ గుడ్డు, పాలు ఇంటికే వచ్చేవి. ఉడికిన గుడ్డును దారంతో కోసేవాళ్ళు. నాంచారి భర్త ఏడుకొండలుకు ఒక ముక్క, మరిది అంకబాబుకు ఒకటి, అత్త కోటేశ్వరమ్మకు ఒకటి. నాంచారికి దారం మిగిలేది.

పదో తారీఖు వస్తే అంగన్‌వాడీ కేంద్రం దగ్గర తిరునాళ్ళలా ఉండేది. కుటుంబాలకు కుటుంబాలు తలలు దువ్వుకుని వచ్చేవి. విమల టీచరు ముల్లు కాటా మీద ముందు గర్భిణిని, తరవాత ఇంటివాళ్ళను భోజనాల వరుసలో ఎక్కించి, పెరిగినదంతా కూడి ఒకే గడిలో రాసేది. లక్ష్యం అందని ఇల్లు ఆ పేటలో లేదు. ఇప్పుడొచ్చిన కాటాలు ఒక్కొక్కరినే తూస్తాయి. తక్కువైన బరువు ఎవరి దగ్గరుందో చెప్పవు. అప్పట్లో ఎదురుగా నిలబడి కనిపించేది, నమస్కారం కూడా పెట్టేది.

ఆ నెల నాంచారి ఇంటి మొత్తం మూడు కిలోలు. పేటలో అదే ఎక్కువ. అందులో నాంచారిది సున్నా. తొలికాన్పులో ఆమెకు కిలోన్నర పిల్ల పుట్టి పదకొండు రోజులే ఉంది.

"ఈసారి రెండు కిలోలన్నా నా ఒంటి మీద ఉండేట్టు రాయండి టీచరుగారూ," అంది.

"రాయడానికేముందమ్మా, ఉండాలిగా. మీ అత్తని అడుగు."

అడిగింది. కోటేశ్వరమ్మ కోపగించుకోలేదు. వత్తులు చేసుకుంటూ చాలాసేపు పాత రోజుల్లోకి వెళ్ళిపోయింది.

"మా అత్త కూర్చుంటే నులకమంచం నేలకానేది. ఆ నిండుతనమంతా నేనేనే అమ్మాయ్. ఏడుకొండలప్పుడు ఆమెకి గాజులు పట్టక మారకం చేయించాం. వీధిలో అందరూ ఆమెని చూసి, కోటమ్మ బాగా ఉందే అనేవాళ్ళు. ఆమె పోయినాడు పాడె మోసినవాళ్ళు ఆరుగురు. నేను వెనకాల నడుస్తూ, నన్ను కూడా మోసుకుపోతన్నారు అనుకున్నా."

"మీరప్పుడు అడగలేదా అత్తయ్యా?"

"అడగొచ్చని ఎవరు చెప్పారు?"

ఆదివారం మధ్యాహ్నం గోంగూర పప్పు వండారు. ముగ్గురూ వరుసలో కూర్చున్నారు. నాంచారి వడ్డిస్తోంది. రెండోసారి అన్నం కలుపుకుంటూ కోటేశ్వరమ్మ గొంతు సవరించుకుంది.

"ఒక మాట అనుకున్నా. పదో తారీఖున, కాటా రోజు, కోడలు ముందు తింటది. మనం తరవాత."

ఏడుకొండలు ముద్ద ఆపాడు. "ప్రతి పదో తారీఖా?"

"కాన్పయిందాకా. ఆ ఒక్క రోజే."

"మంచిదేగా," అన్నాడు అంకబాబు, పప్పు కోసం కంచం ముందుకు జరుపుతూ.

నాంచారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఇంట్లో ఏ కోడలికీ అంతవరకు ఒక్క రోజు కూడా రాలేదు. కాన్పుకు ఇంకా మూడు పదో తారీఖులున్నాయని వేళ్ళ మీద లెక్క చూసుకుంది.

"అట్టాగే అత్తయ్యా," అని గిన్నె వంచి మిగిలిన పప్పంతా మరిది కంచంలో వేసింది. అప్పుడే అతని రెండో గుండీ ఊడి, దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలి దగ్గర ఆగింది. తీరికగా కుట్టవచ్చని నాంచారి దాన్ని కొంగున ముడి వేసుకుంది.