పేరు చివరి చుక్క

పట్టణ నీటి సరఫరా కార్యాలయం స్వావలంబన సాధించిందని ప్రజలకు సంతోషపూర్వకంగా తెలియజేయడమైనది. ఫిర్యాదుల సైటు పేరు కొడితే, అది ఏ యంత్రంలో ఉందో ఇకపై కార్యాలయపు సొంత నేమ్ సర్వరే దారి చెబుతుంది.

ఈ మహత్కార్యం కంప్యూటర్ల విభాగం నెత్తిన పడింది. విభాగమంటే మెట్ల కింద గది, పాత మీటర్ల అట్టపెట్టెలు, ఒక బల్ల, ఒకే ఒక్క ఉద్యోగిని. దారి చెప్పేవి రెండుండాలని, ఒకటి మూగబోతే రెండోది పలకాలని ఆవిడ నోట్ పెట్టింది. డైరెక్టరుగారు అన్నిటికన్నా చవకైన వర్చువల్ సర్వర్ ఒకటి అద్దెకు తీయించారు. అంటే, ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరులో ఓ ఇరుకు వాటా.

“మరి రెండోది సార్?”

“దానికే ఇంకో పేరు పెట్టమ్మా. ఇంట్లో ఒక పేరు, బళ్ళో ఒక పేరు ఉన్నవాళ్ళు లేరా?”

ఆ విధంగా సర్వర్లు రెండయ్యాయి.

ఆ సర్వర్లలో ఎక్కించాల్సిన పేర్ల పట్టిక హెడ్ క్లర్కుగారి ఆమోదానికి వెళ్ళింది. హెడ్ క్లర్కుగారు ముప్పయ్యేళ్ళుగా తప్పులు దిద్దడమే గాని చేసి ఎరగరు.

“వాక్యమే లేనిచోట చివర ఈ చుక్కలేమిటమ్మా, చీమలు పట్టినట్టు?”

“చుక్క లేకపోతే పేరు అయిపోలేదనుకుని మిషను దాని తోకకి మన సైటు పేరు మళ్ళీ తగిలిస్తుంది సార్. అప్పుడెవరికీ దారి దొరకదు.”

“మన పేరు రెండుసార్లొస్తే మంచిదేగా!”

చుక్కలన్నీ ఎర్రసిరాకు బలయ్యాయి. ఆమోదం పొందిన ప్రతిని ముట్టుకోవడం నేరం కనుక ఆవిడ అలాగే ఎక్కించింది. డైరెక్టరుగారు మీట నొక్కి, “మన పేరు మన చేతిలోనే ఉంది!” అని ఉపన్యసించారు. చప్పట్లు మోగాయి. సైటు మాయమైంది.

ఆవిడ మూడు నోట్లు రాసింది. సాంకేతిక లోపాలను ఫిర్యాదుల సైటులోనే నమోదు చేయవలెనని మూడూ తిరిగొచ్చాయి. ఈలోగా కుళాయిల్లో టీ రంగు నీళ్ళు రాసాగాయి. నెలాఖరు నివేదికలో మాత్రం ఫిర్యాదులు సున్నా. డైరెక్టరుగారికి ఉత్తమ సేవా పత్రం వచ్చింది.

అదే వారం, ఆవిడ అత్తగారు, ఊరి ఆ చివర ఒంటరిగా ఉంటున్న మనిషి, ఆ నీళ్ళు తాగి ఆసుపత్రి పాలయ్యారు. సెలైను సీసా చూసొచ్చిన కోడలికి ఇక నియమాలు గుర్తు రాలేదు. భోజన విరామంలో ఎవర్నీ అడక్కుండా చుక్కలన్నీ పెట్టేసింది. మర్నాటికి పద్నాలుగు వందల ఫిర్యాదులు. వాటి వెనకే ఆవిడకో మెమో: “తమరు చుక్కలు పెట్టక మునుపు పట్టణంలో ఏ సమస్యా లేదు. సంజాయిషీ ఇవ్వగలరు.”

ఆ మెమో అత్తగారి మంచం పక్కనే చదువుకుంది.

“నెల్లాళ్ళు ఆ నీళ్ళే తాగారా అత్తయ్యా? నాకో మాట చెప్పచ్చుగా?”

“నీ ఆఫీసు మీద నీకే ఎలా చెప్పనే? సైటులో పెడదామంటే తెరుచుకోలేదు. నా ఫోను పాడైందనుకుని కొత్తది కొన్నాను. మా వీధి వీధంతా కొన్నారు.”

“అందులోనూ రాలేదుగా?”

“రాలేదు. మాకే చేతకాదు కాబోలని అందరం ఊరుకున్నాం.”